పిట్యూటరీ ఆపరేషన్‌కి మత్తు: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

పిట్యూటరీ గ్రంథిలో కణితి ఉందని తేలి, ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక ఇంటిల్లిపాదీ సర్జన్ గురించి ఆరా తీస్తారు. మత్తు డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది అడిగేది ఒక్కటే. "ఏ మత్తు ఇస్తారండీ? నడుముకా, ఫుల్లా?" నడుముకిచ్చే మత్తు ఇక్కడ పనికిరాదు. ముక్కు తిమ్మిరెక్కించి కానిచ్చేదీ కాదు. పూర్తి మత్తు ఒక్కటే దారి. కానీ ఆ పూర్తి మత్తులో తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో రోగి మాటకు, ఇంట్లోవాళ్ల మాటకు నిజంగా విలువ ఉంది.

నేను మత్తు డాక్టర్ని. ఏ మందుతో నిద్రపుచ్చాలన్నది నన్ను పెద్దగా కలవరపెట్టదు. గొంతులో ట్యూబ్ ఎలా వేయాలి, స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా, ఎలా మేలుకొలపాలి, ఇంటికెళ్లాక మొదటి పది రోజులూ ఎవరు చూసుకుంటారు... నా బెంగంతా వీటి మీదే. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిస్తున్నాను. ఇది చదివి మందులు మీరే మార్చుకోవద్దు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏమడగాలో తెలియడానికి వాడుకోండి.

అసలు ఆపరేషన్ కావాలా, కావాలంటే ఏ దారిన?

పిట్యూటరీ బరువు సుమారు అర గ్రాము. బఠాణీ గింజంత ఉంటుంది. ముక్కు వెనకాల, పుర్రె అడుగున ఒక ఎముక గూట్లో కూర్చుని ఉంటుంది. దానికి సరిగ్గా పైన రెండు కళ్ల నరాలు కలిసే చోటు, రెండు పక్కలా మెదడుకు రక్తం మోసుకెళ్లే కెరోటిడ్ ధమనులు. కణితి 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పెద్దదని లెక్క. అది పైకి ఎదిగి కంటి నరాలను నొక్కితే రెండు కళ్లకూ బయటి వైపు చూపు తగ్గిపోతుంది. పక్కనుంచి వచ్చే బండి కనపడటం లేదని, తలుపులకు భుజాలు తగులుతున్నాయని అలాంటివాళ్లు చెబుతుంటారు.

ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) తయారుచేసే కణితి అయితే చాలామందికి కేబర్గోలిన్ మాత్రలతోనే తగ్గిపోతుంది. మత్తు దాకా రావాల్సిన పనే ఉండదు. కాబట్టి ప్రొలాక్టిన్ రిపోర్ట్ ఫైల్లో లేకుండా ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇస్తే, ఆ ఒక్క రక్తపరీక్ష గురించి గట్టిగా అడగండి. మాత్రలు పడనివాళ్లకు, వాటితో కణితి తగ్గనివాళ్లకు ఆపరేషన్ మాట వేరు.

ఇక దారుల సంగతి. ఇప్పుడు ఎక్కువ భాగం ముక్కులోంచే చేస్తున్నారు. ఈ దారిన మొదటి ఆపరేషన్ 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ చేశాడు. ఆ తర్వాత మైక్రోస్కోప్ వచ్చింది, 1990ల నుంచి ఎండోస్కోప్ (సన్నటి గొట్టం లాంటి కెమెరా) వచ్చింది. కణితి బాగా పక్కలకు, పైకి పాకినప్పుడు తల తెరిచి చేస్తారు. మత్తు డాక్టర్‌కి ఈ రెండూ దాదాపు ఎదురెదురు పనులు. తల తెరిచినప్పుడు మెదడు కాస్త తగ్గి చోటివ్వాలి. అందుకు మానిటాల్ ఇస్తాం, కొన్నిసార్లు శ్వాస కొద్దిగా వేగం చేస్తాం. ముక్కు దారిలో అదే పని చేస్తే కణితి పైభాగం సర్జన్ చేతికి అందకుండా పైకి పోతుంది. అందుకని కార్బన్ డయాక్సైడ్‌ను మామూలు స్థాయిలోనే ఉంచుతాం. తల తెరిచినవాళ్లకు ఫిట్స్ రాకుండా మందులు, ఐసీయూలో ఎక్కువసేపు ఉండటం మామూలే. ముక్కు దారిలో కోలుకోవడం తేలిక, కానీ నిద్ర లేపే ఘట్టం కష్టం. దాని గురించి కింద రాశాను.

ఇవన్నీ తీరిగ్గా ఆలోచించే వీలున్నవాళ్ల సంగతి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు పడిపోవడం, రెప్ప వాలిపోవడం వస్తే కణితిలోకి రక్తస్రావం జరిగి ఉండొచ్చు. అప్పుడు పోలికలు పెట్టుకుని కూర్చునే టైమ్ లేదు. దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లి "పిట్యూటరీ కణితి ఉంది" అన్న మాట ముందు చెప్పండి. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వెంటనే పడటం ప్రాణాలు కాపాడుతుంది. ఆపరేషన్ ఆలోచన ఆ తర్వాత.

ట్యూబ్ ఎలా వేయాలి: నిద్రపుచ్చాకా, మెలకువలోనా?

గ్రోత్ హార్మోన్ ఎక్కువైన వాళ్లకు, అంటే చెప్పుల సైజు, ఉంగరం సైజు పెరుగుతూ వచ్చినవాళ్లకు, అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే. ఈ జబ్బును ఆక్రోమెగలీ అంటారు. చేతులు, కాళ్లు పెరిగినట్టే నాలుక, కింది దవడ, గొంతు లోపలి మెత్తటి కండ కూడా పెరుగుతాయి. స్వరపేటిక కింద శ్వాసనాళం ఇరుకవుతుంది. మాస్కుతో గాలి ఇవ్వడం, గొంతులోకి చూడటం రెండూ కష్టమవ్వచ్చు. నోరు తెరిచి నాలుక చాపమని చూసే మామూలు పరీక్షలో అంతా బాగున్నట్టు కనిపించి, తీరా థియేటర్లో ఇబ్బంది పడే కేసులు ఈ జబ్బులో మిగతావాటికంటే ఎక్కువ. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చేసే చెకప్ (పీఏసీ)లో "ఫిట్" అని ముద్ర పడింది కదా అని ఊరుకోకండి. గురక ఎంత పెద్దగా ఉంటుంది, నిద్రలో ఊపిరి ఆగుతుందా, గొంతు ఎప్పటినుంచి బొంగురుపోయింది అన్నవి పక్కన పడుకునేవాళ్లకే తెలుస్తాయి. భార్యో భర్తో వెంట వచ్చి చెప్పాలి.

మొదటి పద్ధతి: రోగిని నిద్రపుచ్చి, గొంతు లోపలిని తెర మీద చూపించే వీడియో లారింగోస్కోప్‌తో చూస్తూ ట్యూబ్ వేయడం. ఆక్రోమెగలీ ఉన్నా ఎక్కువమందికి ఇది చాలు. రోగికి ఏ బాధా తెలియదు, త్వరగా అయిపోతుంది. కానీ నిద్రపుచ్చాక మాస్కుతో గాలి పోకపోతే వెనక్కి తిరగడానికి ఉన్న సమయం నిమిషాల్లోనే ఉంటుంది.

రెండోది: రోగి మెలకువగా, తనంతట తాను ఊపిరి పీలుస్తుండగానే గొంతును లిగ్నోకెయిన్‌తో తిమ్మిరెక్కించి, వంగే స్కోప్ మీదుగా ట్యూబ్ దింపడం. వినగానే గుండె జారిపోతుంది గానీ, కొద్దిగా డెక్స్‌మెడిటోమిడిన్ (ఊపిరి ఆపకుండా మగత కలిగించే మందు) ఇచ్చి ఓపిగ్గా చేస్తే రోగి తట్టుకోగలడు. మిగతా ఆపరేషన్లలో ఈ స్కోప్‌ను ముక్కులోంచి పంపడం సులువు. ఇక్కడ ముక్కు సర్జన్‌ది, కాబట్టి నోటి దారినే వెళ్లాలి. చేయి తిరిగినవాళ్లు కావాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బొంగురు గొంతు, ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు, ఇదివరకు ట్యూబ్ వేయడానికి కష్టపడ్డ చరిత్ర, మెడ వెనక్కి వంగకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మెలకువ పద్ధతే ఎంచుకుంటాను. రోగి ఆ పది ఇరవై నిమిషాలు ఇబ్బంది పడినా సరే. ఇవేవీ లేకపోతే వీడియో లారింగోస్కోప్‌తో మొదలుపెట్టి, వంగే స్కోప్‌ను చేతికందేంత దగ్గర్లో ఉంచుకుంటాను. మీరు అడగాల్సిన ప్రశ్న, "మొదటి ప్రయత్నం కుదరకపోతే ఏం చేస్తారండీ?" దానికి తడుముకోకుండా జవాబు వస్తే నిశ్చింతగా ఉండండి.

ఆపరేషన్‌కి ముందు కొన్ని నెలలు గ్రోత్ హార్మోన్‌ను తగ్గించే ఆక్ట్రియోటైడ్ లాంటి ఇంజెక్షన్లు వాడితే గొంతు వాపు, గుండె భారం కొంత తగ్గుతాయి. అందరికీ అవసరం లేదు, ఖర్చు కూడా ఎక్కువే. గుండె బాగా దెబ్బతిన్నవాళ్లకు, నిద్రలో ఊపిరి తీవ్రంగా ఆగిపోతున్నవాళ్లకు ఆలోచించదగ్గ మార్గం.

స్టెరాయిడ్: అందరికీనా, లోటున్న వాళ్లకేనా?

పిట్యూటరీ పాడైతే, ఒత్తిడిని తట్టుకునేలా చేసే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గొచ్చు. ఆపరేషన్ ఒత్తిడికి తగినంత కార్టిసాల్ లేకపోతే బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఈ భయంతోనే చాలాకాలం పిట్యూటరీ రోగులందరికీ హైడ్రోకార్టిసోన్ ఇచ్చేవాళ్లు. ఇప్పటికీ అలాగే చేసే ఆసుపత్రులున్నాయి. తప్పనను. రక్తపరీక్షలు త్వరగా రాని చోట అదే భద్రం. రెండో పద్ధతిలో ఉదయం 8 గంటల కార్టిసాల్ ముందే చూసుకుని, బాగున్నవాళ్లకు స్టెరాయిడ్ ఇవ్వకుండా చేసి, ఆపరేషన్ మర్నాటి నుంచి రోజూ ఉదయం మళ్లీ చూస్తారు. విలువ డెసిలీటర్‌కు 3 మైక్రోగ్రాముల లోపుంటే లోటు ఖాయం, 15 దాటితే సాధారణంగా ఫర్వాలేదు, మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష చేయాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఈ పద్ధతి మేలు, అనవసరంగా షుగర్ పెరగదు. కాకపోతే ల్యాబ్ రోజూ నమ్మకంగా పనిచేయాలి, రిపోర్ట్ చూసి నిర్ణయించే ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) ఉండాలి. ఈ రెండూ లేని చోట రెండో పద్ధతి ఎంచుకోవద్దు.

లోటు ముందే తేలినవాళ్లకు ఎంపికేమీ లేదు. మత్తు ఇచ్చేటప్పుడు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, ఆపై రోజురోజుకూ తగ్గిస్తూ పోవడం. థైరాయిడ్ కూడా తగ్గి ఉంటే ముందు కార్టిసాల్ సరిచేయాలి, తర్వాతే థైరాక్సిన్. ఈ వరస తారుమారైతే ప్రమాదం.

కుషింగ్స్ జబ్బుది పూర్తిగా వేరే లెక్క. వాళ్ల ఒంట్లో కార్టిసాల్ ఎక్కువ. ఆపరేషన్ తర్వాత అది పడిపోతేనే కణితి పూర్తిగా పోయినట్టు గుర్తు. అందుకే చాలా చోట్ల కావాలనే స్టెరాయిడ్ ఆపి, రోగిని దగ్గరుండి గమనిస్తూ కార్టిసాల్ చూస్తారు. ఇక్కడే ఒక చిన్న మందు తేడా చేస్తుంది. వాంతులు రాకుండా మేము అలవాటుగా ఇచ్చే డెక్సామెథసోన్ కూడా స్టెరాయిడే. అది ఒక్క డోసు పడినా తర్వాతి రోజుల కార్టిసాల్ రిపోర్ట్‌ను నమ్మలేం. కుషింగ్స్ రోగికైనా, స్టెరాయిడ్ లేకుండా చేద్దామనుకున్న రోగికైనా ఒండాన్‌సెట్రాన్ లాంటివే వాడి, డెక్సామెథసోన్ పక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఈ సంగతి సర్జన్, మత్తు డాక్టర్, ఎండోక్రైనాలజిస్ట్ ముగ్గురూ ముందే మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్నారా అని మీరు అడగొచ్చు.

కుషింగ్స్ ఉన్నవాళ్లలో మత్తు డాక్టర్ చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. పొటాషియం తగ్గి ఉంటుంది, బీపీ, షుగర్ పెరిగి ఉంటాయి, చర్మం పలచబడి ప్లాస్టర్ పీకినా లేచొస్తుంది, ఎముకలు గుల్లబారి ఉంటాయి, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. వీటిని వారం పది రోజులు సరిచేశాకే తేదీ పెట్టుకోవడం మంచిది.

గ్యాస్ మత్తా, పంపుతో ఇచ్చే మత్తా?

సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ లాంటి గ్యాస్‌తో నడపడం ఒకటి. ప్రొపొఫాల్‌ను, నొప్పి తెలియనివ్వని మందును సిరంజి పంపుల్లో నరంలోకి పంపడం ఇంకొకటి. పంపు పద్ధతిలో ఆపరేషన్ తర్వాత వాంతులు తక్కువ. ఎండోస్కోప్‌కి రక్తం అడ్డం పడటం కూడా కొంత తగ్గుతుంది. కంటి నరాల సిగ్నళ్లను ఆపరేషన్ మధ్యలో చూడాలనుకుంటే పంపు పద్ధతి తప్పనిసరి అనే చెప్పాలి, గ్యాస్ ఆ సిగ్నళ్లను మసకబారుస్తుంది. గ్యాస్ పద్ధతిలో ఎంత మత్తు లోపలికి వెళ్తోందో మానిటర్ మీద ప్రతి శ్వాసకూ కనిపిస్తుంది. దాదాపు ప్రతి థియేటర్లోనూ అందరికీ బాగా అలవాటైన పద్ధతి. పంపు వాడితే నిద్ర లోతు కొలిచే బీఐఎస్ లాంటి పట్టీ నుదుటికి ఉంటే మంచిది. అయితే తల కదలకుండా బిగించే పిన్నులు, ముక్కు దగ్గర సర్జన్ చేతులు ఉన్న చోట ఆ పట్టీ అతికించడం కూడా ఒక తంటానే.

ఈ రెండింటిలో ఏది మంచిదని అడిగితే, మీ టీమ్ రోజూ చేసేదే మంచిదంటాను. ఫలానా పద్ధతి కోసం ఆసుపత్రి మారేంత తేడా లేదు. గ్యాస్‌కైనా పంపుకైనా డెక్స్‌మెడిటోమిడిన్ తోడు చేస్తే గుండె వేగం, బీపీ నిలకడగా ఉంటాయి. అయితే గుండె మరీ నెమ్మదించవచ్చు, మేలుకోవడం ఆలస్యం కావచ్చు.

బీపీ విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పాలి. రక్తం తక్కువ కారాలని బీపీ తగ్గించమని సర్జన్లు అడుగుతుంటారు. కొంతవరకు సరే. కణితి కంటి నరాలను నొక్కుతున్నప్పుడు, రోగికి ఏళ్ల తరబడి బీపీ ఉన్నప్పుడు మరీ తగ్గిస్తే ఆ నరాలకే రక్తం చాలదు. తల వైపు కాస్త ఎత్తి, ముక్కులో రక్తనాళాలు ముడుచుకునే మందు పెట్టి రక్తస్రావం తగ్గించుకోవడం మేలు. ఆ మందుకు, పిన్నులు బిగించే క్షణానికి బీపీ ఎగిసిపోతుంది కాబట్టి, చేతి ధమనిలో సన్నటి గొట్టం పెట్టి క్షణక్షణం బీపీ చూడటం ఆక్రోమెగలీ, కుషింగ్స్, గుండెజబ్బు రోగులకు ఉండాలంటాను. మామూలు చిన్న కణితికి, ఆరోగ్యవంతుడికి పట్టీతో చూసే బీపీ చాలు.

గొంతులో గుడ్డ ప్యాక్ పెట్టాలా అన్నది డాక్టర్ల మధ్య వాదన. రక్తం కడుపులోకి పోకుండా ఆపుతుందని కొందరు పెడతారు. లోపలే మర్చిపోతే ఊపిరాడదు. పెడితే బోర్డు మీద రాసి, తీసేటప్పుడు లెక్క చెప్పాలి. లేకపోతే పెట్టకపోవడమే నయం.

మేలుకొలపడం: ఇక్కడ రోగి కూడా తయారవ్వాలి

ఆపరేషన్ అయ్యేసరికి ముక్కులు రెండూ ప్యాక్‌తో మూసుకుని ఉంటాయి. మెదడు చుట్టూ ఉండే నీరు బయటికి కారకుండా సర్జన్ వేసిన అతుకు ఇంకా పచ్చిగా ఉంటుంది. దగ్గు, వాంతి, ముక్కడం దేనివల్లయినా అది ఊడొచ్చు. ఇబ్బంది వస్తే మామూలుగా చేసినట్టు మాస్కుతో గాలి ఒత్తి పంపే వీలు లేదు. ఆ గాలి అతుకు దాటి తల లోపలికి వెళ్లగలదు.

ఒక దారి, ఇంకా గాఢనిద్రలో ఉండగానే ట్యూబ్ తీసేయడం. దగ్గు రాదు. కానీ ముక్కులు మూసుకున్న రోగికి నాలుక వెనక్కి పడితే మాస్కుతో ఆదుకోలేం. రెండో దారి, రోగి కళ్లు తెరిచి మాట విని, నోటితో ఊపిరి తీయడం మొదలుపెట్టాక తీయడం. దగ్గు రాకుండా కొద్దిగా ఫెంటానిల్, లిగ్నోకెయిన్, డెక్స్‌మెడిటోమిడిన్‌లలో ఏదో ఒకటి వాడతాం. పిట్యూటరీ రోగులకు నేను రెండోదే ఎంచుకుంటాను. లావుగా ఉన్నవాళ్లకు, గురక ఉన్నవాళ్లకు, ఆక్రోమెగలీ ఉన్నవాళ్లకు మొదటి దారి ఆలోచన కూడా వద్దంటాను. మెలకువ వస్తే చూపు ఎలా ఉందో అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు, అదీ ముఖ్యమే.

ఇందులో మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. వారం ముందు నుంచి రోజూ కాసేపు ముక్కు మూసుకుని నోటితో ఊపిరి పీల్చడం అలవాటు చేసుకోండి. ముక్కు మూసుకుపోయి లేచేసరికి కంగారుపడి పీక్కునేవాళ్లు చాలామంది. అలవాటున్నవాళ్లు ప్రశాంతంగా ఉంటారు.

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కుతో గాలి ఒత్తి పంపే సీప్యాప్ మిషన్ రాత్రిపూట వాడేవాళ్లకు ఇంకో చిక్కు. ఆపరేషన్ తర్వాత దాన్ని ఆపాలి. ఎన్నాళ్లన్నది అతుకును బట్టి సర్జన్ చెబుతారు, సాధారణంగా కొన్ని వారాలు. అంతవరకు తల ఎత్తులో పడుకోవడం, మత్తెక్కించే నొప్పి మందులు తగ్గించి పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవడం, మొదటి రాత్రులు ఆక్సిజన్ చూస్తూ ఉండే బెడ్. ఇలాంటివాళ్లకు మామూలు వార్డు వద్దు.

ముందే చెప్పాల్సిన మందులు కూడా ఉన్నాయి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే 3 రోజుల ముందే ఆపాలి. సెమాగ్లూటైడ్ లాంటి వారానికో ఇంజెక్షన్ తీసుకుంటుంటే కడుపు త్వరగా ఖాళీ అవ్వదు, మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పండి. ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్) సొంతంగా ఆపొద్దు, కొనసాగించొద్దు, అడగండి.

ఏ ఆసుపత్రి, ఎన్ని రోజులు?

ఊరికి దగ్గరా, పెద్ద సెంటరా అన్న ప్రశ్నకు నా ఓటు పెద్ద సెంటర్‌కే. హైదరాబాద్‌లో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్ లాంటి చోట్ల న్యూరోసర్జరీ, ఎండోక్రైనాలజీ, మత్తు విభాగం ఒకే ప్రాంగణంలో ఉంటాయి. ప్రైవేటులోనూ అలాంటివున్నాయి. ఆరోగ్యశ్రీ మీద వెళ్లేవాళ్లు ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలిసి, ఆపరేషన్‌తోపాటు తర్వాతి పరీక్షలు కూడా వస్తాయా అని అడగాలి. మూడు ప్రశ్నలు చాలు. నెలకు ఇలాంటివి ఎన్ని చేస్తారు? రాత్రిపూట కూడా సోడియం రిపోర్ట్ వస్తుందా? ఆపరేషన్ రోజు రాత్రి మూత్రం గంట గంటకూ కొలిచే బెడ్ ఇస్తారా?

మూడో ప్రశ్న ఎందుకంటే, మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్ తగ్గి మూత్రం ధారలా పోవచ్చు. గంటకు 250 నుంచి 300 మిల్లీలీటర్లు దాటి వరసగా రెండు మూడు గంటలు పోతే సోడియం చూసి ఆ హార్మోన్‌కు బదులుగా డెస్మోప్రెసిన్ అనే మందు ఇస్తారు. ముక్కులో స్ప్రే రూపంలో ఆ మందు ఉన్నా, అప్పుడే ఆపరేషనైన ముక్కుకి అది పనికిరాదు. మాత్రో ఇంజెక్షనో కావాలి. దాహం వేసినంత నీళ్లు రోగి చేతికి అందేలా ఉంచాలి.

తర్వాత కథ తిరగబడొచ్చు. 4వ రోజు నుంచి 10వ రోజు మధ్య, ఎక్కువగా 7వ రోజు ప్రాంతంలో, ఒంట్లో నీరు నిలిచిపోయి సోడియం పడిపోతుంది. అప్పటికి రోగి డిశ్చార్జ్ అయి కరీంనగరో కర్నూలో చేరిపోయి ఉంటాడు. నీరసం, తలనొప్పి, వికారం మొదలవుతాయి. వేడి చేసిందని ఇంట్లోవాళ్లు కొబ్బరినీళ్లు, మజ్జిగ, నీళ్లు పోస్తూ ఉంటారు. సోడియం ఇంకా పడుతుంది. మాట తడబాటు, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. కొన్ని సెంటర్లు డిశ్చార్జ్ అయ్యాక వారం పాటు రోజుకు లీటరు నుంచి లీటరున్నర ద్రవాలే తాగమని చెబుతాయి. కొన్ని దాహానికి సరిపడా తాగమని వదిలేసి 7వ రోజు రక్తపరీక్ష మాత్రం చేయిస్తాయి. రక్తపరీక్షకు ఊళ్లో ల్యాబ్ ఉన్నవాళ్లకు రెండో పద్ధతి సరిపోతుంది. లేనివాళ్లు మొదటిది పాటించడం మంచిది, కానీ మూత్రం ఇంకా ఎక్కువగా పోతున్నవాళ్లకు నీళ్లు తగ్గించకూడదు. మీది ఏ రకమో డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి.

ఇంటికి బయల్దేరేముందు నర్సు దగ్గర ఈ నాలుగూ రాయించుకోండి: సోడియం పరీక్ష ఏ తేదీన, రిపోర్ట్ ఏ నంబరుకు పంపాలి, హైడ్రోకార్టిసోన్ మాత్ర ఏ పూట ఎంత, జ్వరమో వాంతులో వస్తే దాన్ని ఎంతకు పెంచాలి. ముక్కులోంచి నీళ్లలాంటి స్రావం బొట్లుబొట్లుగా కారినా, మాత్ర కడుపులో నిలవకుండా వాంతి అవుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.